తెల్లదోమ ఏడాది: ఎవరి మాట విన్నాను, ఎందుకు విన్నాను

మా కొబ్బరి తోటకు తెల్లదోమ పట్టి ఏడాది కావస్తోంది. ఆ పురుగుతో పడిన బాధ ఒక ఎత్తు, దాన్ని ఎలా వదిలించుకోవాలో చెప్పడానికి వచ్చినవాళ్లతో పడిన బాధ ఇంకో ఎత్తు. ఎండాకాలం రాబోతోంది కాబట్టి మళ్లీ చాలామంది తోటల్లో ఇదే మొదలవుతుంది. నాకు జరిగింది జరిగినట్టు రాస్తే ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది రాజోలు దాటాక మలికిపురం వైపు ఊరు. ఎకరం పావు తోట, 80 చెట్లు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు మా మావయ్యగారి పాత తోట ఒక్క రాత్రిలో నేలకొరిగింది. ఆ మరుసటి ఏడాది ఆయన మళ్లీ వేసిన మొక్కలే ఇప్పుడున్న చెట్లు. మావయ్యగారు లేరు. మావారు కువైట్‌లో ఉంటారు. తోట చూసుకునేది నేనూ అత్తయ్యగారూ.

ఫిబ్రవరి మూడో వారంలో పెరట్లో ఆరేసిన దుప్పటి తీస్తుంటే చేతికి జిగురు తగిలింది. స్కూటర్ సీటు మీదా అదే జిగురు. మామిడి పూత కాలం కదా, తేనెమంచు కురిసి ఉంటుందని అత్తయ్యగారు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. వారం తిరిగేసరికి కొబ్బరి చెట్ల కింద ఉన్న అరటి ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. మామిడి చెట్టు ఉన్నది ఇంటికి అటువైపు. ఇటువైపు అరటి ఎందుకు నల్లబడుతుందని పెరట్లోని గంగబొండాం రకం కొబ్బరి మట్ట ఒకటి వంచి అడుగు భాగం చూశాను. తెల్లటి మైనపు పొడితో గుండ్రాలు గుండ్రాలుగా ముగ్గులు వేసినట్టు ఉంది. మట్ట కదిపితే తెల్లగా చిన్న దోమలు గుంపుగా లేచాయి. ఆ జిగురు వీటిదే, దాని మీద పట్టే బూజే ఆ మసి. గంగబొండాం పొట్టి చెట్టు కాబట్టి కనిపించింది. తోటలో ఉన్నవి నలభై అడుగుల చెట్లు, వాటి మట్టల అడుగున ఏముందో కింద నుంచి తెలియదు. మీకు పొట్టి చెట్టు ఒక్కటి ఉన్నా వారానికోసారి దాని ఆకు తిరగేసి చూడండి.

వార్త ఊళ్లోకి ఎలా వెళ్లిందో గానీ నాలుగు రోజుల్లో సలహాలు మొదలయ్యాయి. దింపు తీసే, అంటే చెట్టెక్కి కాయలు కోసే, మేస్త్రీ తెల్లబడిన మట్టలన్నీ నరికి తగలబెట్టమన్నాడు. గట్టు అవతలి రైతు ట్రాక్టరు పంపు పెట్టి మందు కొట్టించమన్నారు. మా చినమావయ్యగారు వేరు మందు పెట్టమన్నారు. కొబ్బరికి నల్లి వచ్చిన రోజుల్లో ఆయన తన తోటంతా వేరు కోసి, మందు నింపిన కవరు కట్టి కాపాడుకున్నారు. మావారు కువైట్ నుంచి ఒక వీడియో పంపారు, అందులో ఒకాయన సబ్బు పొడి, కిరోసిను, ఇంకేవో కలిపి కొడుతున్నాడు. అత్తయ్యగారు ముందు అమ్మవారికి మొక్కుకోమన్నారు. ఈ చివరిదానికి ఖర్చు కొబ్బరికాయ ఒక్కటే కాబట్టి ఆ రోజే చేసేశాం.

మిగతావన్నీ ఒకదానికొకటి పొసగనివి. మట్టలు నరికితే మందు కొట్టడానికి ఏముంటుంది? వేరు మందు పెడితే పైన కొట్టడం దేనికి? పైగా చెప్పినవాళ్లెవరూ పరాయివాళ్లు కాదు. ఎవరి మాట కాదన్నా ఎవరికో ఒకరికి కోపం వస్తుంది. చినమావయ్యగారు నా పెళ్లిలో పెద్దరికం వహించిన మనిషి. ఆయనకు "వద్దండీ" అని చెప్పడం కంటే మందు కొనుక్కోవడమే తేలిక అనిపించింది రెండు రోజులు.

మా అబ్బాయి పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో అందరి మాటలూ రాయడం మొదలుపెట్టాను. ఏం చేయమన్నారు, దానికి ఎంతవుతుంది అని మాత్రమే మొదట రాశాను. రాస్తుంటే ఇంకో ప్రశ్న తట్టింది. నేను ఆ పని చేశాక, అది పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది, ఎన్నాళ్లకు తెలుస్తుంది? దీన్ని అందరినీ అడగాలనుకున్నాను. మేస్త్రీని అడిగితే "తగలబెడితే ఇంకేం ఉంటుందమ్మా" అన్నాడు. చినమావయ్యగారు కాసేపు ఆలోచించి, నల్లి అయితే కాయ మీద మచ్చ తగ్గుతుందనీ, దోమకు ఏమవుతుందో తాను చూడలేదనీ చెప్పారు. అంత పెద్దాయన "చూడలేదు" అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఆయన మందు మీద మాత్రం తగ్గింది.

మార్చి మొదటి వారంలో మందుల కొట్టుకు వెళ్లాను. మా వరి చేనుకు మేము ఏళ్ల తరబడి మందులు తెచ్చే కొట్టే అది. ఆయన మంచివాడు. సుడిదోమ వచ్చిన ఏడాది ఆయన మాట వినే మా పంట దక్కింది. అందుకే ఈయన చెబితే చేసేద్దామనే మనసుతో వెళ్లాను.

"రెండు దఫాలు కొట్టాలమ్మా. మందూ పంపూ కూలీ కలిపి 18,000 అవుతుంది. దింపు డబ్బులు వచ్చాకే ఇవ్వండి" అన్నారు.

"పనిచేస్తే ఎన్నాళ్లకు తెలుస్తుందండీ?"

"వారంలో తెల్లదనం పోతుంది."

"మళ్లీ వస్తే?"

"మందు మార్చి కొడదాం."

"బొండాం నీళ్లు ఎన్నాళ్లు తాగకూడదు?"

ఆయన నవ్వి, అంత మందపాటి డొక్క దాటి మందు లోపలికి ఎలా వెళుతుందని ఎదురు ప్రశ్న వేశారు. సీసా చూపించమని అడిగాను. దాని మీద పసుపు త్రికోణం ఉంది. మందుల సీసాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి. అన్నింటికన్నా విషం ఎక్కువ ఉన్నది ఎరుపు, దాని తర్వాతిది పసుపు. సీసాకు అంటించిన చిన్న చీటీని అక్కడే విప్పి చదివాను. అక్షరాలు చీమల తలకాయలంత ఉన్నాయి. ఏ పంటకు ఎంత మోతాదు, కొట్టాక ఎన్నాళ్లు కోయకూడదు అని పట్టీ ఉంది. పత్తి ఉంది, మిరప ఉంది, వరి ఉంది. కొబ్బరి లేదు. ఆ సంగతి చెబితే "అందరూ వాడుతున్నారమ్మా" అన్నారు. అరువు మీద ఇస్తానన్న మాట నన్ను ఎంత లాగిందో దాచను. చేతిలో డబ్బు పెట్టాల్సి వస్తే పది సార్లు ఆలోచించే మనిషిని, అరువు అనగానే సగం తల ఊపేశాను. ఇంటికి వెళ్లి చెబుతానని లేచి వచ్చేశాను.

వీడియో సంగతి కూడా అప్పుడే తేల్చాం. అందులోని చెట్టు మనిషి ఎత్తు ఉంది, ఆయన నేల మీద నిలబడి కొడుతున్నాడు. మావారికి ఆ మాట చెబితే ఫోనులో కాసేపు మాట్లాడలేదు. దూరాన ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చేస్తున్నామనే తృప్తి కావాలి, అది నాకూ తెలుసు. అందుకని గంగబొండాం మట్ట ఒక్కదాని మీద ఆ మిశ్రమం కొట్టి ఫొటో పంపాను. నాలుగు రోజులకు ఆకు చివర్లు మాడాయి, ఆ ఫొటో కూడా పంపాను. పక్క మట్ట మీద కిరోసిను లేకుండా వేపనూనె, సబ్బు నీళ్లు మాత్రం కొట్టాను. అది మాడలేదు, పొడి కొంత రాలింది. అంటే ఆ వీడియో అంతా అబద్ధం కాదు. పనికొచ్చే ముక్కనూ పనికిరాని ముక్కనూ ఆయన ఒకే బకెట్‌లో కలిపేశాడు.

రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడు మూడు ఊళ్లు చూస్తాడు. పేరు రాయించుకుని వచ్చాక వారానికి తోటకు వచ్చాడు. మా అబ్బాయి కంటే నాలుగేళ్లు పెద్దవాడై ఉంటాడేమో. ఇది సర్పిలాకార తెల్లదోమ అనీ, రసాయన మందులు కొట్టవద్దనీ చెప్పి, అనుమానం ఉంటే అంబాజీపేట వెళ్లమన్నాడు. అత్తయ్యగారు "ఈ పిల్లాడికి కొబ్బరి గురించి ఏం తెలుసు" అన్నారు. నాకూ మనసులో ఆ మాటే ఉంది. అయితే అనుమానం ఉంటే ఇంకొకరిని అడగమని చెప్పినవాడు అంతమందిలో అతనొక్కడే.

మార్చి 12న అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి బయలుదేరాను. ఆకు ముక్కలను కవర్లో పెట్టి గట్టిగా మూతి కట్టి తీసుకెళ్లమని ఆ కుర్రాడు ముందే చెప్పాడు. విడిగా పట్టుకుని బస్సెక్కితే దారిపొడవునా దోమను పంచినట్టే. తాటిపాక మీదుగా, గన్నవరం అక్విడక్టు దాటి బస్సులో వెళ్లాను. మా రాజోలు వైపుకు కాలువ నీళ్లు వచ్చేది కూడా వైనతేయ మీద ఆ అక్విడక్టు మీదుగానే. పొద్దున వెళితే శాస్త్రవేత్తలు తోటల పరిశీలనకు వెళ్లారన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యే దాకా చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాను. వెళ్లేవాళ్లు ముందు రోజు ఫోను చేసి కనుక్కుని వెళితే ఆ సగం రోజు మిగులుతుంది.

లోపల ఉన్న మేడమ్ ఆకు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి రెండు నిమిషాలు చూసి, లేచి నన్ను కూర్చోమన్నారు. ఇది నేను ఊహించలేదు. మందు పేరు రాసిస్తారనుకుని వెళ్లిన దాన్ని.

"తెల్లగా ఉన్న పిల్లపురుగుల మధ్య నల్లబడినవి కనిపిస్తున్నాయా? వాటి మీద రంధ్రం ఎలా ఉంది?"

"గుండ్రంగా ఉందండీ."

"అది ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ లాంటి పురుగు చేసింది. దోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపల తిని పెరిగి గుండ్రంగా కొరికి బయటికి వస్తుంది. దోమే పెరిగి బయటికి వస్తే పైన చీలిక పడుతుంది, గుండ్రంగా ఉండదు."

పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం కొనుక్కుంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చన్నారు. నెలనెలా అవే చెట్ల నుంచి ఆకులు తీసి వంద పిల్లపురుగుల్లో ఎన్ని నల్లబడ్డాయో లెక్కపెట్టమన్నారు. ఆ లెక్క పెరుగుతుంటే మందు అక్కర లేదు. రెండు నెలలైనా పెరగకపోతే మళ్లీ రమ్మన్నారు. నరికి తగలబెట్టవద్దని గట్టిగా చెప్పారు, నల్లబడిన వాటిలో ఉన్న మిత్రపురుగు కూడా కాలిపోతుంది కాబట్టి. రసాయనం కొట్టినా మొదట చచ్చేది అదే, ఆ తర్వాత దోమకు అడ్డూ ఆపూ ఉండదు. ఈ దోమ మన దేశంలో మొదట కనిపించింది 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గరనీ, ఆ ఏడాది చివరికే మన కడియం నర్సరీల వైపు వచ్చిందనీ అప్పుడే తెలిసింది. కడియపులంక నుంచి తెచ్చిన మొక్కలు మా పెరట్లో కూడా ఉన్నాయి. ఇన్నేళ్లూ అక్కడక్కడా ఉండే ఉంటుంది, నేను చూసి ఉండను.

"చెట్టు చచ్చిపోతుందాండీ?" అని అడిగాను. ఆ మాటకు గొంతు వణికింది. మావయ్యగారు కడవలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు.

"ఈ దోమకు కొబ్బరి చెట్టు చావదు. కాపు తగ్గవచ్చు. వానలు పడ్డాక దోమ తగ్గుతుంది, మసి రాలుతుంది. ఆగస్టుకు కూడా కొత్త మట్టలు నల్లగానే ఉంటే నా మాట తప్పినట్టు. అప్పుడు వచ్చి అడగండి."

తన మాట ఎప్పుడు తప్పినట్టో చెప్పిన మనిషిని అంతవరకు చూడలేదు. ఇక ఈవిడ మాటే అనుకుని బస్సెక్కాను. ఎంత ధైర్యంగా ఎక్కానో ఏప్రిల్‌లో అంత పిరికిగా మారాను.

ఈలోగా ఆవిడ చేయమన్నవి ఇవీ: మోటారు పంపుతో నీళ్లు మట్టల అడుగున బలంగా కొట్టడం, వేపనూనె సబ్బు నీళ్లు, మసి రాలడానికి పలచటి గంజి, దోమకు జబ్బు తెప్పించే ఐసేరియా అనే శిలీంద్రం. కాగితం మీద బాగుంది. నీళ్లు కొట్టడానికి మనిషి దొరికేసరికి ఏప్రిల్ రెండో వారం అయింది, అప్పటికి కాలువలు కట్టేశారు, అంటే వేసవికి నీళ్లు ఆపేశారు. మా బోరు నీళ్లు ఉప్పు, వాటిని ఆకుల మీద కొట్టలేం. చెరువులో మిగిలినవి పశువులకే చాలవు. కొన్ని వరుసలకు మాత్రం కొట్టించి ఆపేశాం. ఈ పని పెట్టుకునేవాళ్లు కాలువ కట్టకముందే, మార్చిలోనే పంపు మాట్లాడుకోండి. ఈ ముక్క మాకు ఏ కాగితమూ చెప్పలేదు.

పంపు వీపున కట్టుకుని ఎక్కడానికి దింపు మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆయన మాటా నిజమే, నలభై అడుగుల ఎత్తున రెండు చేతులూ మందుకే కావాలంటే పట్టు దేనితో? పొడవాటి వెదురు గడకు నాజిల్ కట్టి కింద నుంచి అందినంత మేర కొట్టాం. గంజి విషయంలో ఇంకో తిప్పలు. ఇంట్లో కాచింది కాచినట్టు పోస్తే నాజిల్ పూడుకుపోయింది. పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టాక పని జరిగింది. ఎండకు ఎండాక ఆ గంజి పొరతో పాటు మసి రేకులుగా ఊడి పడింది. ఇంత కాలంలో కంటికి కనిపించిన మొదటి మంచి అదే. ఆ సాయంత్రం అత్తయ్యగారు కూడా తోటలోకి వచ్చి చూశారు.

ఈలోగా గట్టు అవతలి రైతు మందు కొట్టించారు. వారానికి ఆయన తోట తేటగా అయింది. కొట్టు ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. మా మట్టలు నల్లగా, ఆయనవి పచ్చగా, మధ్యలో ఒక్క గట్టు. దారిన పోయేవాళ్లందరికీ కనిపిస్తోంది. ఒకరోజు ఆయన గట్టు మీద నిలబడి, "ఏమ్మా, మీ తోటలో పెంచి మా తోటలోకి తోలుతున్నారా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అత్తయ్యగారు "అమ్మాయ్, పది మందీ చేసినట్టు చేద్దాం, పోతే అందరితో పాటు పోతుంది" అన్నారు. ఆ మాటలో అర్థం ఉంది. అందరూ చేసిందే చేస్తే, చెడినా ఎవరూ మనల్ని అనరు. నేను ఒంటరిగా ఒక పద్ధతి పట్టుకున్నాను, చెడితే ఆ చెడ్డపేరంతా నాదే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యవర్తి వచ్చాడు. తోట తీసేసి రొయ్యల చెరువుకు లీజుకు ఇస్తే కొబ్బరి మీద వచ్చేదానికి రెట్టింపు ఇస్తారట, ఏడాది డబ్బు ముందే ఇస్తారట. "ఆయ్, తెల్లదోమ పట్టిన తోట ఇక లేవదండీ, చాలా చూశాం" అన్నాడు. చెరువుకు అనుమతులు ఎవరు తెస్తారని అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు. అప్పుడు నేను చినమావయ్యగారి దగ్గరికే వెళ్లాను. వేరు మందు మీద ఆయన మాట వినలేదు కాబట్టి ముభావంగా ఉంటారనుకున్నాను. ఆయన లేచి వచ్చి, చెరువులు తవ్విన చోట పక్క ఇళ్ల బావులు ఏమయ్యాయో ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పి వివరించారు. ఒకసారి ఉప్పు దిగిన నేల కొబ్బరికీ వరికీ తిరిగి ఎన్నాళ్లకు వస్తుందో ఆయన కళ్లతో చూసిన లెక్క. ఆ సలహా మారు మాట్లాడకుండా పాటించాను.

మే నెల దింపులో నిరుటి కంటే రెండు వందల కాయలు తగ్గాయి. దానికి తోడు కాయల మీద మసి ఉందని వ్యాపారి ధర కోశాడు. నల్ల కాయ కురిడీకి, అంటే ఎండు కొబ్బరికి, పనికిరాదన్నాడు. మసి డొక్క పైనే ఉంటుంది, లోపలికి పోదని అంబాజీపేటలో విన్నాను కాబట్టి అక్కడే పది కాయలు ఒలిపించాను. లోపల కాయలు శుభ్రంగా ఉన్నాయి. ధర కోత సగానికి తగ్గించాడు, పూర్తిగా తీయలేదు. ఈ మాట అందరికీ చెబుతున్నాను, మసి కాయలంటే మీరూ ఒలిపించి చూపించండి.

శిలీంద్రం కోసం పేరు ముందే ఇచ్చి రావాలి, నాకు అందేసరికి మే చివరి వారం. చల్లటి చోట ఉంచాలి, సాయంత్రం పూట కొట్టాలి, వేరే మందులతో కలపకూడదు. ఫ్రిజ్‌లో పెట్టబోతే అత్తయ్యగారు తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డారు. కొత్త ఆవకాయ పక్కన బూజు సీసా ఏమిటని ఆవిడ బాధ. తడిగుడ్డ చుట్టిన కుండలో ఆ రాత్రికి ఉంచి, మర్నాడు సాయంత్రమే కొట్టించాం.

లెక్క మాత్రం ఆపలేదు. రాజోలులో 150 రూపాయలకు భూతద్దం దొరికింది. నాలుగు చెట్లకు ఎర్రగుడ్డ కట్టి, వాటికి ఏ మందూ కొట్టకుండా వదిలేశాను, మిగతా వాటితో పోల్చడానికి. మార్చిలో వందకు పన్నెండు నల్లబడి ఉన్నాయి. ఏప్రిల్‌లో పందొమ్మిది. ఆ నెల ఎంత దిగులు పడ్డానో చెప్పలేను, అంత నెమ్మదిగా పెరిగితే ఎప్పటికి తేలుతుందని. మే నెలాఖరుకు నలభై దాటాయి. అదే వారం గట్టు అవతలి తోటలో తెల్లదనం తిరిగి కనిపించింది. ఆయన్ను అడిగి రెండు ఆకులు తెచ్చి చూశాను. అన్నీ తెల్లవే, నల్లబడినది వెతికినా దాదాపు దొరకలేదు. ఆయన తోటలో పొట్టి సంకర రకాలు ఎక్కువ, పొట్టి చెట్లంటే ఈ దోమకు మరీ ఇష్టం. కాబట్టి తేడా అంతా మందు వల్లనే అని నేను అనను. అయినా ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి భూతద్దం చేతికిచ్చాను. రెండు ఆకులూ మార్చి మార్చి చూశారు. ఏమీ అనలేదు, రెండో దఫా మందు మాత్రం కొట్టించలేదు.

జూన్ మూడో వారంలో వానలు కుదురుకున్నాయి. జూలై సగానికి పాత మట్టల మీది మసి పొరలుగా రాలింది. ఆగస్టులో కొత్త మట్టలు పచ్చగా వచ్చాయి. అంబాజీపేట మేడమ్ పెట్టిన గడువు అదే. అప్పుడు అందరూ గెలిచారు. మందుల కొట్టు ఆయన పక్క తోటకు తాను ఇచ్చిన మందు గాలికి మా వైపూ వచ్చి ఉంటుందన్నారు. మావారు సబ్బు నీళ్ల వల్లనే అన్నారు. అత్తయ్యగారు అమ్మవారికి చీర పెట్టారు. నా ఎర్రగుడ్డ చెట్లు మందు కొట్టిన చెట్లకు ఏమాత్రం తీసిపోకుండా పచ్చబడ్డాయి. అంటే నేను పెట్టిన ఖర్చులో ఎంత అవసరమో, ఎంత కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. గంజి మాత్రం పనిచేసిందని కళ్లారా చూశాను, మసి త్వరగా రాలితే ఆకుకు ఎండ త్వరగా తగులుతుంది. మిగతాది వానదో, కందిరీగదో, రెండిటిదో.

ఖర్చు రాస్తాను, అందరూ అదే అడుగుతున్నారు. వేపనూనె, సబ్బు, గంజి కలిపి 1,900. పంపు అద్దె, కూలి 4,200. శిలీంద్రం, బస్సు చార్జీలు, భూతద్దం కలిపి వెయ్యి లోపు. తగ్గిన కాయలు, వ్యాపారి కోసిన ధర ఇందులో కలపలేదు. ఇవి కలిపినా కొట్టు ఆయన చెప్పిన 18,000 కాదు. అయితే పక్క తోట ఆయనకు ఏప్రిల్, మే నెలల్లో నా అంత దిగులు లేదు, ఆ లెక్క ఏ పుస్తకంలో రాయాలో తెలియదు.

ఈ జనవరి చివర్లో గంగబొండాం మట్టల అడుగున మళ్లీ తెల్ల ముగ్గులు కనిపించాయి. భూతద్దంతో చూస్తే వందకు ముప్పై దాకా అప్పటికే నల్లబడి, గుండ్రని రంధ్రాలతో ఉన్నాయి. గట్టు అవతలి ఆయన కబురు పెట్టి నల్లబడిన పిల్లపురుగులున్న ఆకులు కొన్ని అడిగారు, తమ తోటలో కట్టుకోవడానికి. రెండు కట్టలు పంపాను. మందుల కొట్టులో ఇప్పుడు వేపనూనె డబ్బాలు ముందు వరుసలోకి వచ్చాయి, ధర కూడా కొంచెం పెరిగింది. కాలువ కట్టకముందే నీళ్లు కొట్టడానికి మార్చి మొదటి వారానికి పంపు మాట్లాడి 500 బయానా ఇచ్చాను. శిలీంద్రానికి పేరు ఇచ్చి వచ్చాను, ఈసారి ఆవకాయ పెట్టకముందే అందుతుందట. ఫ్రిజ్ విషయం అత్తయ్యగారితో ఇంకా మాట్లాడలేదు.